పంచశీల తీసుకున్నవారు పిడికిలి బిగించవచ్చునా?

ఆదివారం ఉదయం పిల్లల చేత త్రిశరణ పంచశీలాలు చెప్పించి, సోమవారం సాయంత్రం అదే పిల్లలకు పిడికిలి ఎలా బిగించాలో నేర్పించడం ఏం ధమ్మం? పుదుచ్చేరి పట్టణంలో మేము పనిచేసే బస్తీలో కరాటే తరగతి మొదలైన దగ్గర్నుంచి ఈ ప్రశ్న మమ్మల్ని వెంటాడుతున్నది. అడిగినవారిలో ఒకరు ఏళ్ల తరబడి ఉపోసథం తప్పకుండా పాటిస్తున్న పెద్ద ఉపాసకులు. చీమను కూడా దాటుకుని నడిచే మనిషి. ఆయన అడిగింది ఎగతాళికి కాదు. కాబట్టి జవాబు కూడా ఎగతాళిగా ఉండకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

తరగతి చిన్నది. వారానికి రెండు సాయంత్రాలు, సామాజిక భవనం హాల్లో. ఇరవై మంది పైన పిల్లలు, అందులో సగం మంది ఆడపిల్లలు. ఎక్కువమంది తమిళ కుటుంబాల వాళ్లు. కొందరు యానాం నుంచి ఉద్యోగాల కోసం, కూలి కోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ల బిడ్డలు. యానాం పరిపాలనకు పుదుచ్చేరే గాని, దూరం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇంటికి ఇంత దూరాన ఉన్న పిల్లలకు వీధిలో ఏదైనా జరిగితే అడ్డం రావడానికి మేనమామలు, బాబాయిలు ఉండరు. ఆ తల్లులే ముందుగా తరగతి అడిగారు. నేర్పే మాస్టర్ తమిళ యువకుడు. చెప్పేది తమిళంలో, లెక్కపెట్టేది జపాను భాషలో, పిల్లలు గొణుక్కునేది తెలుగులో.

మా మిత్రుల దగ్గర ఒక సులువైన జవాబు సిద్ధంగా ఉంది. కరాటే మనదే, బోధిధర్ముడు మనవాడే, కాంచీపురం పల్లవ రాజకుమారుడు, ఆయన చైనా వెళ్లి షావొలిన్ భిక్షువులకు నేర్పిన విద్యే అక్కడి నుంచి జపానుకు పోయింది అంటారు. 2011లో సూర్య నటించిన సినిమా తెలుగులో ‘సెవెన్త్ సెన్స్’గా వచ్చాక ఈ మాటకు ఇంకా బలం వచ్చింది. పుదుచ్చేరిలో అయితే చెప్పనే అక్కర్లేదు, కాంచీపురం ఇక్కడికి బస్సులో మూడు గంటల దారి.

ఈ జవాబు పిల్లలకు చెప్పవద్దని మేము మాస్టర్‌ను కోరాము. బోధిధర్ముని గురించిన పాత చైనా రచనలే ఒక మాట మీద లేవు. 6వ శతాబ్దపు ఒక రచన ఆయన్ను పడమటి దేశాల నుంచి వచ్చిన పారశీకుడంటుంది, మరొకటి దక్షిణ భారతీయుడంటుంది. కాంచీపురం, పల్లవులు అన్నవి తరువాత చేరిన మాటలు. ఆయన భిక్షువులకు వ్యాయామం నేర్పాడని చెప్పే పుస్తకం 17వ శతాబ్దం నాటిది. ఆయన కాలానికి వెయ్యేళ్లు దాటిన తరువాత పుట్టిన ఆ పుస్తకాన్ని పరిశోధకులు నమ్మదగినదిగా చూడరు. నాలుగో శీలం కూడా శీలమే కదా. మొదటి శీలం గురించిన సందేహాన్ని తీర్చడానికి నాలుగో శీలాన్ని తాకట్టు పెట్టడం మాకు ఇష్టం లేదు.

అంతకన్నా ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. బోధిధర్ముడు నేర్పాడనే అనుకుందాం. దానివల్ల కొట్టడం కుశల కర్మ అయిపోతుందా? నేర్పలేదని తేలితే అకుశలం అవుతుందా? ఒక పని మంచిదో చెడ్డదో దాని పుట్టుకను బట్టి, మూలపురుషుణ్ణి బట్టి తేల్చడం మనం వదిలిపెట్టి వచ్చిన ఇంటి అలవాటు. కాలాములకు బుద్ధుడు చెప్పినదీ ఇదే కదా, పరంపరగా వచ్చిందని ఏదీ ఒప్పుకోవద్దని.

కరాటే నిజమైన చరిత్ర ఈ కథ కంటే ఆసక్తిగా ఉంటుంది. అది ఒకినావా ద్వీపాలలో, అప్పటి ర్యూక్యూ రాజ్యంలో పెరిగింది. 1609లో జపాను దక్షిణాన ఉన్న సత్సుమా ప్రభువులు ఆ రాజ్యాన్ని లొంగదీసుకున్నారు. 1879లో జపాను దాన్ని పూర్తిగా కలిపేసుకుంది. ఆయుధాలు లాక్కోబడిన రైతులు చేతుల్నే ఆయుధాలుగా చేసుకున్నారన్న కథ ఒకటి మనవాళ్లకు చాలా నచ్చుతుంది. మాకూ నచ్చుతుంది. కాని అది కూడా అంత నిలబడదు. నేర్చినవారిలో పేరున్న చాలామంది రాజు కొలువులోని పెచిన్ అనే ఉద్యోగ వర్గం వాళ్లు. చైనాతో వర్తకం, రాయబారాలు నడిచిన దీవులవి. చైనా చేతి విద్య, స్థానిక విద్య అక్కడ కలిసిపోయాయి. ఇతోసు అంకో అనే పెద్దాయన 20వ శతాబ్దం మొదటి ఏళ్లలో దాన్ని బడిపిల్లల వ్యాయామంగా మార్చాడు. అప్పటివరకు రహస్యంగా, కొద్దిమందికే అందిన విద్య బడి ఆవరణలోకి, వరుసలో నిలబడ్డ పిల్లల మధ్యకు వచ్చింది. చదువు విషయంలో మన పోరాటం ఏమిటో తెలిసినవారికి ఈ మార్పు విలువ చెప్పనక్కరలేదు. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ (1868–1957) కూడా బడిపంతులే. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి ఈ విద్యను జపాను ప్రధాన భూమికి పరిచయం చేశాడు.

పేరు సంగతి కూడా చెప్పాలి. మొదట్లో ‘కరా’ అన్న అక్షరానికి అర్థం చైనా. ‘చైనా చెయ్యి’ అన్నమాట. 1930లలో అదే ఉచ్చారణ గల మరో అక్షరం పెట్టారు. దాని అర్థం శూన్యం, ఖాళీ. 1936లో ఒకినావాలోని నాహా పట్టణంలో గురువులంతా కూర్చుని దీన్ని ఒప్పుకున్నారు. చైనా, జపాను బౌద్ధులు శూన్యతకు రాసే అక్షరం కూడా ఇదే. ఫునాకోషి ఈ బౌద్ధార్థాన్ని ఇష్టపడ్డాడు. బౌద్ధులుగా మనకు సంతోషం కలిగించే సంగతే. కాని ఆ ఏళ్లు ఎలాంటివో కూడా చూడాలి. జపాను అప్పటికే మంచూరియాను ఆక్రమించింది, 1937లో చైనా మీద పూర్తి యుద్ధానికి దిగింది. అలాంటి కాలంలో ‘చైనా’ అన్న మాటను పేరులోంచి తీసేయడం వెనుక కేవలం ధ్యానమే ఉందనుకోవడం అమాయకత్వం. ఆ రోజుల్లోనే కొందరు జెన్ గురువులు, చంపేవాడూ లేడు, చచ్చేవాడూ లేడు, అంతా శూన్యమే అన్న ధోరణిలో సైనికులకు ధైర్యం నూరిపోశారు. శూన్యతను అలా వాడుకోవడం ధమ్మానికి జరిగిన ద్రోహమని మా అభిప్రాయం. ఆత్మను ఆయుధం నరకలేదు గనుక చంపినా పాపం లేదన్న వాదం మనం ఇంకో పుస్తకంలో చదివాం. దాన్ని తోసిపుచ్చి వచ్చిన మనం అదే వాదం బౌద్ధ వేషంలో వస్తే తలూపలేము. కాబట్టి తత్వం చెప్పి పిడికిలిని శుద్ధి చేసే దారి కూడా మూసుకుపోయినట్టే.

ఇక నేరుగా శీలం దగ్గరకే వెళ్లాలి.

మేము చదివింది న్యాయశాస్త్రం. అలవాటు కొద్దీ ముందు నిబంధన ఏమంటున్నదో, మినహాయింపు ఎక్కడ ఉందో చూస్తాము. భిక్షువుల వినయ పిటకంలో పాచిత్తియ నియమాలు తొంభై రెండు. అందులో డెబ్బై నాలుగోది, కోపంతో మరో భిక్షువును కొట్టడం తప్పు అంటుంది. ఆ నియమం కింద ఏది తప్పు కాదో కూడా రాసి ఉంది. ఎవరైనా పట్టి బాధిస్తుంటే, విడిపించుకోవాలన్న ఉద్దేశంతో దెబ్బ వేస్తే తప్పు లేదు. పాళీలో ఆ ఉద్దేశాన్ని ‘మొక్ఖాధిప్పాయం’ అన్నారు. మోక్షం అన్న మాటే అది, ఇక్కడ మాత్రం పట్టులోంచి బయటపడటం. ఇల్లు, ఆస్తి, పెళ్లాం బిడ్డలు ఏమీ లేని భిక్షువుకే ఆ వీలు ఉంటే, కూతురిని బడికి పంపే ఉపాసకుడికి లేకుండా ఎలా పోతుంది?

చేతనే కర్మ అన్నది బుద్ధుని బోధ. ప్రాణాతిపాతం జరిగిందని చెప్పడానికి అట్ఠకథలు ఐదు అంగాలు చెబుతాయి. అక్కడ ప్రాణి ఉండాలి, ప్రాణి అని తెలియాలి, చంపాలన్న తలంపు ఉండాలి, ప్రయత్నం ఉండాలి, ప్రాణం పోవాలి. క్రిమినల్ లా మొదటి పాఠంలో నేర్చుకున్న దురుద్దేశమూ, చర్యా ఇక్కడ రెండు వేల ఏళ్ల పాతవిగా కనిపిస్తే మాకు అప్పట్లో ఆశ్చర్యం కలిగింది.

రంపం ఉపమానం చాలామందికి గుర్తుకొస్తుంది. దొంగలు రంపంతో అవయవాలు కోస్తున్నా మనసులో ద్వేషం రానివ్వకూడదని బుద్ధుడు చెప్పిన సుత్తం. పెద్ద ఉపాసకులు దాన్నే ముందు పెట్టారు. ఆ సుత్తం చెప్పేది మనసు గురించి. ద్వేషం వద్దంటుంది, మైత్రి వదలవద్దంటుంది. కోయించుకోవడమే ధమ్మమని, చెయ్యి విడిపించుకోవడం పాపమని అనదు.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో అహింసను ఒక సూత్రంగా చూడమన్నారు, నియమంగా కాదు. నియమం మనిషి చెయ్యి కట్టేస్తుంది, సూత్రం ఆలోచించుకునే బాధ్యత మనిషికే వదిలేస్తుంది. చంపాలన్న కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని ఆయన విడదీశారు. ‘బుద్ధుడా, కార్ల్ మార్క్సా’ వ్యాసంలో వైశాలి సేనాపతి సింహుని ప్రశ్నను తీసుకుని, న్యాయం కోసం బలం వాడవలసి వస్తే బుద్ధుడు దాన్ని నిషేధించలేదని వాదించారు. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఏమిటంటే, అవసరం అన్న మాట రబ్బరులా సాగుతుంది. కారంచేడులో, చుండూరులో కత్తులు ఎత్తినవాళ్లు కూడా తమకు అవసరమనే అనుకుని ఉంటారు. అవసరమో కాదో తేల్చేది ఎవరు? దెబ్బ మీదికి వస్తున్నప్పుడు పుస్తకం తెరిచి చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

చట్టం దీనికి కొంత జవాబు చెబుతుంది. ఆత్మరక్షణ హక్కు 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 34 నుంచి 44 అయ్యాయి. తన శరీరాన్నే కాదు, పక్కవాడి శరీరాన్ని కాపాడటానికి కూడా ఈ హక్కు ఉంది. ప్రమాదం వస్తుందన్న సహేతుకమైన భయంతో మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. 37వ సెక్షను హద్దు గీస్తుంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదు, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. పడిపోయినవాణ్ణి ఇంకో తన్ను తంతే ఆ రెండో తన్ను నేరం. వినయమూ చట్టమూ ఇంత దగ్గరగా నడుస్తాయి. ఒక్కచోట విడిపోతాయి. ద్వేషంతో రగులుతూ, హద్దు మాత్రం దాటకుండా కొట్టినవాణ్ణి కోర్టు వదిలేస్తుంది. ధమ్మం అంత సులువుగా వదలదు.

అయినా హద్దు తెలియడం వేరు, హద్దు దగ్గర చెయ్యి ఆగడం వేరు. భయపడ్డ మనిషి చేసేవి రెండే. కొయ్యబారిపోతాడు, లేదా కళ్లు మూసుకుని చేతికందింది తీసుకుని బాదేస్తాడు. మితంగా కొట్టడం ఎవరికీ పుట్టుకతో రాదు. శీలాన్ని పాళీలో ‘సిక్ఖాపదం’ అంటారు. శిక్షణలో ఒక అడుగు అని. మాట ఇచ్చేసి ఊరుకునేది కాదు, రోజూ సాధన చేసేది. కరాటే మొదటి నెలలో నేర్పేవి ఏమిటో దగ్గరగా చూశాక, ఆ మాటకు శరీరపు అర్థం మాకు తెలిసింది.

మొదటి రోజు మొదటి పాఠం వంగి నమస్కరించడం. ‘రెయ్’ అంటారు. మా కార్యకర్తల్లో ఒకరిద్దరికి ఇది గొంతు దిగలేదు. తలవంచి తలవంచి నడుములు విరిగిన జాతిని మళ్లీ వంగమంటారా అని అడిగారు. న్యాయమైన కోపమే. కాని గమనించవలసింది ఒకటుంది. పిల్ల వంగితే మాస్టర్ కూడా వంగుతాడు. జంటగా నిలబడిన ఇద్దరూ ఒకేసారి, ఒకే లోతున వంగుతారు. మన తాతలు పెట్టిన దండాలకు ఏ దొర తిరిగి దండం పెట్టాడు? గురువు ఫొటోకు వంగే ఆచారాన్ని మాత్రం మా తరగతిలో వద్దన్నాము. మాస్టర్ ఒప్పుకున్నాడు.

తరువాత పిడికిలి. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లా బొటనవేలిని లోపల పెట్టి మూస్తుంది. అలా గుద్దితే విరిగేది తన వేలే. నాలుగు వేళ్లు కొసల నుంచి గట్టిగా చుట్టి, బొటనవేలిని బయట, చూపుడువేలు మధ్యవేళ్ల మీదుగా అడ్డం పెట్టాలి. మణికట్టు వంగకూడదు. తగలవలసింది మొదటి రెండు వేళ్ల కణుపులు. నడుము పక్కన అరచెయ్యి పైకి చూస్తున్న పిడికిలి ముందుకు సాగి చివర్లో బోర్లాపడుతుంది. అదే సమయంలో రెండో చెయ్యి వెనక్కి, నడుము దగ్గరకు లాగాలి. ఎదుటివాడి చెయ్యి పట్టుకుని లాగడం అందులో దాగి ఉందని మాస్టర్ చెప్పాడు. వారాల తరబడి ఇదే. పిల్లలకు విసుగు. సినిమాలో హీరో ఎగిరి తన్నినట్టు తన్నాలని వాళ్ల కోరిక. కాళ్లు వెడల్పుగా పెట్టి, మోకాలు వంచి, తొడలు వణికేదాకా నిలబడటమే చాలా రోజులు వాళ్లకు దక్కేది.

అడ్డుకోవడాన్ని జపానులో ‘ఉకే’ అంటారు. స్వీకరించడం, అందుకోవడం అన్న క్రియలోంచి వచ్చిన మాట అది. వచ్చే దెబ్బను ముంజేతితో నుదుటి పైకి ఎత్తి అందుకుంటే ఒకటి, కిందికి ఊడ్చినట్టు పక్కకు తోస్తే మరొకటి. షోటోకాన్ శాఖలో కొత్తవారు మొదట నేర్చే వరుస కదలికలను హెయాన్ అంటారు, ప్రశాంతి అని అర్థం. ఐదు హెయాన్‌లూ అడ్డుకోవడంతోనే మొదలవుతాయి, ఒక్కటి కూడా గుద్దుతో మొదలు కాదు. మొదటి దెబ్బ మనది కాకూడదని ఫునాకోషి పెట్టిన కట్టుబాటు శరీరానికి ఇలా అలవాటవుతుంది.

మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది, ఆపడం. మాస్టర్ ‘యమే’ అంటే ఎక్కడి చెయ్యి అక్కడ ఆగాలి. జంటగా సాధన చేసేటప్పుడు పూర్తి వేగంతో వెళ్లిన పిడికిలి ఎదుటివాడి ముఖానికి అంగుళం దూరంలో నిలిచిపోవాలి. ఆగకపోతే ఆ రోజుకు వాడు గోడ పక్కన కూర్చోవాలి. కొట్టగలిగిన చెయ్యి తన ఇష్టం మీద ఆగడాన్ని వందలసార్లు సాధన చేయించే బడి మన ఊళ్లలో ఇంకెక్కడ ఉంది? కోపం వచ్చినప్పుడు ఆగమని మేమంతా నీతిబోధ చేస్తాము, ఆగడం ఎలాగో మాత్రం నేర్పము.

ఇంకో సంగతి పైకి కనిపించదు. జంట సాధనలో ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలి. చెమట పట్టిన చేతులు. పుదుచ్చేరి పాత పట్టణాన్ని ఫ్రెంచివాళ్లు కాలవకు అటు తెల్లవాళ్ల పట్నం, ఇటు నల్లవాళ్ల పట్నం అని రెండుగా చీల్చారు. ఇటువైపు వీధులను మనవాళ్లే మళ్లీ కులం కులంగా చీల్చుకున్నారు. ఆ పెద్ద కాలవ ఇప్పుడు మురుగు మోస్తున్నది, వీధుల పేర్లు కొన్ని అలాగే ఉన్నాయి. మా తరగతికి రెండు వీధుల అవతలి నుంచి వేరే కులాల పిల్లలు కూడా వస్తున్నారు. మొదటి వారం ఒక పిల్ల జంట మార్చమని అడిగింది. కారణం చెప్పలేదు. మాస్టర్ మార్చలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ నీళ్ల సీసా పంచుకుంటున్నారు. దీన్ని విజయంగా రాయడం లేదు, చూసింది రాస్తున్నాము.

కరాటేతో తీరనిది కూడా చెప్పాలి. 2024 మార్చిలో ఈ పట్టణంలోనే, ముత్యాలపేటలో తొమ్మిదేళ్ల పాప కనబడకుండా పోయి, మూడు రోజులకు మురుగు కాలవలో శవమై దొరికింది. ఊరంతా వీధిలోకి వచ్చింది. ఆ వారంలో మమ్మల్ని కలిసిన తల్లిదండ్రులందరూ ఒకటే మాట, పిల్లకు కరాటే నేర్పించాలి. వాళ్ల భయం మాకు అర్థమైంది. కాని తొమ్మిదేళ్ల పిల్ల ఎన్ని బెల్టులు కట్టినా పెద్ద మగవాళ్లను ఎదుర్కోలేదు. ఎదుర్కోగలదని నమ్మించడం మోసం. రేపు ఏదైనా జరిగితే నేర్చుకున్నావు కదా, ఎందుకు కొట్టలేకపోయావు అని ఆ పిల్లనే అడిగే రోజు వస్తుంది. వీధి దీపం వెలిగించడం, గంజాయి అమ్మేవాణ్ణి పట్టుకోవడం, పాప కనబడలేదన్న ఫిర్యాదును ఆ గంటలోనే తీసుకోవడం పెద్దల పని, ప్రభుత్వం పని. ఆ భారాన్ని పిల్ల పిడికిలి మీద పెట్టడాన్ని ఆత్మరక్షణ అనలేము. అందుకే చిన్నపిల్లలకు మొదట నేర్పించేది అరవడం. ‘కియాయ్’ అని పొట్టలోంచి వచ్చే కేక. మెల్లగా మాట్లాడమని ఇంట్లో నేర్పిన ఆడపిల్లలకు ఇదే అన్నిటికన్నా కష్టమైంది. తరువాత విడిపించుకుని పరుగెత్తడం. తరువాత చెప్పడం, ఎవరికైనా, ఎన్నిసార్లయినా. 1098, 112 నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి.

బెల్టుల గురించి ఒక్క మాట. రంగు మారినప్పుడల్లా పరీక్ష ఫీజు, సర్టిఫికెట్ ఫీజు అంటూ కూలి పని చేసే తల్లుల దగ్గర వేలు గుంజే తరగతులు అన్ని ఊళ్లలో ఉన్నాయి. బెల్టుల పద్ధతి కరాటేలో పుట్టింది కూడా కాదు, జూడో నుంచి అరువు తెచ్చుకున్నది. మా పిల్లలు చాలాకాలం తెల్ల బెల్టుతోనే ఉంటే ఏమీ నష్టం లేదు.

ఇక అసలు చిక్కు. ఎనిమిది నెలలు నేర్చిన పదిహేనేళ్ల కుర్రాడు బడిలో తోటి కుర్రాణ్ణి గుద్దాడు. ఒక్కటే గుద్దు, పన్ను విరిగింది. ఆ కుర్రాడు నలుగురిలో వీడి తల్లి చేసే పారిశుధ్య పని గురించి, కులం పేరు కలిపి ఒక మాట అన్నాడు. బడివాళ్లు వీణ్ణి వారం రోజులు రావద్దన్నారు. పోలీసు కేసు పెడతామని అవతలివాళ్లు అన్నారు. వీడి తల్లి యానాం మనిషి. మా దగ్గరకు వచ్చి కూర్చుంది. ఆత్మరక్షణ హక్కు మాటకు వర్తించదు, శరీరం మీద దాడికే వర్తిస్తుంది అని మేము చట్టం చెప్పాము. ఆమె వింది. విని, "అయితే ఆ మాట నా బిడ్డ ఒంటికి తగల్లేదంటారా అండి?" అంది.

ఈ ప్రశ్నను చట్టంతో దాటేయడం సులువు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలో నలుగురి ఎదుట కులం పేరుతో దూషించడం, అవమానించడం నేరమని ఉంది, ఫిర్యాదు చేయవచ్చు, అది కూడా చెప్పాము. కాని ఆమె అడిగింది సెక్షను నంబరు కాదు. కులం మాట కేవలం గాలి కాదని, తరతరాల దెబ్బలు అందులో ఉన్నాయని మాకు మాత్రం తెలియదా? తెలిసి కూడా ఆ గుద్దు సరైనది కాదనే మా తీర్పు. వినయంలోని కొలతనే ఇక్కడ పెట్టి చూశాము. ఆ గుద్దు వాణ్ణి దేని నుంచి విడిపించింది? ఎవరూ వాణ్ణి పట్టుకుని లేరు. మాట అన్నవాడి నోట్లో పన్ను పోయింది గాని ఆ మాట అలాగే ఉంది, పైగా తప్పు ఎవరిదన్న చర్చలో అది వెనక్కిపోయింది. బడిలో ఇప్పుడందరూ మాట్లాడేది పన్ను గురించే.

మహాడ్ సంగతి వాడికి చెప్పాము. 1927 మార్చి 20న చవదార్ చెరువులో నీళ్లు తాగి తిరిగి వచ్చిన జనం మీద, గుడిలోకి వస్తున్నారన్న పుకారు పుట్టించి సవర్ణులు విరుచుకుపడ్డారు. అన్నం తింటున్నవాళ్లను, సందుల్లో దొరికినవాళ్లను కొట్టారు. బాబాసాహెబ్ దగ్గర ఉన్నవారిలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు చాలామంది. తుపాకీ పట్టిన చేతులవి. ఒక్క మాట కోసం చూస్తున్నారు. ఆయన ఆ మాట అనలేదు, ఆగమన్నారు. కొట్టినవాళ్లలో కొందరికి తరువాత కోర్టులో నాలుగు నెలల శిక్ష పడింది. అదే ఏడాది డిసెంబరు 25న మహాడ్‌లోనే మనుస్మృతిని తగలబెట్టారు. చెరువు కేసు హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. కొట్టలేనివాళ్లు ఊరుకుని ఉంటే ఆ రోజుకు చరిత్రలో చోటు ఉండేది కాదు. కొట్టగలిగినవాళ్లు ఆగారు. ఆ రెంటికీ తేడా తెలియాలంటే ముందు కొట్టగలగాలి. కరాటే వద్దనే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలని మా మనవి. చేతకాని నిశ్శబ్దాన్ని మన పెద్దలకు వేల ఏళ్లపాటు శాంతం అని పేరు పెట్టి పొగిడారు.

కుర్రాడు అంతా విని, "పదేళ్లు పట్టిందా మాస్టారూ?" అన్నాడు. పట్టిందన్నాము. వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు, వాడి మౌనంలో అది తెలుస్తుంది. రెండు వైపుల నుంచీ కేసులు పడలేదు. ఆ మాట అన్న కుర్రాడి చేత బడిలో, అదే నలుగురి ఎదుట క్షమాపణ చెప్పించాలని తల్లి పట్టుబట్టింది, మేమూ ఆమె పక్కన నిలబడ్డాము. బడివాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు. వీణ్ణి తరగతి నుంచి తీసేయాలని ఒకరిద్దరు అన్నారు. తీసేయలేదు. మూడు నెలలు జంట సాధనకు దూరంగా ఉంచి, కొత్తగా వచ్చిన ఏడెనిమిదేళ్ల పిల్లలకు పిడికిలి మడవడం చూపించే పని మాస్టర్ వాడికి అప్పగించాడు. ఒక్కొక్కరి ముందు మోకాళ్ల మీద కూర్చుని, లోపల ఇరుక్కున్న బొటనవేలిని వాడు బయటికి తీసి పెడుతున్నాడు.